డిప్రెషన్ ఎంతమందికి, ఎందువల్ల: సర్వే అంకెలు చదివే తీరు

చెన్నై నగరంలో 25,455 మందిని ప్రశ్నించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో డిప్రెషన్ 15.1 శాతం అని తేలింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో అది 2.7 శాతం. జీవితంలో ఎప్పుడో ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళని కలుపుకున్నా 5.2 శాతమే. ఆ 12 రాష్ట్రాల్లో తమిళనాడు కూడా ఉంది. నగరం, రాష్ట్రం, దేశం అన్న తేడా కొంత ఉంటుంది గానీ ఇంత తేడా దానివల్ల రాదు. కొలిచిన సాధనాలే వేరు. డిప్రెషన్ మీద వార్త చదివినా, థీసిస్ చదివినా ముందు దేనితో కొలిచారో చూడండి, శాతం సంగతి ఆ తర్వాత.

చెన్నైలో వాడింది ప్రశ్నావళి. మనిషి తనకెలా ఉందో చెబుతాడు, మార్కులు కూడతారు, ఒక గీత దాటితే ‘ఉంది’ అని రాసుకుంటారు. నిమ్హాన్స్ వాడింది ‘మినీ’ అనే నిర్ధారణ ఇంటర్వ్యూ. శిక్షణ పొందిన మనిషి ఎదురుగా కూర్చుని, లక్షణం రెండు వారాల పాటు దాదాపు రోజంతా ఉందా, పనికి అడ్డం వస్తోందా అని ఒక్కొక్కటీ తేల్చుకుంటాడు. ప్రశ్నావళి పని అనుమానించడం, ఇంటర్వ్యూ పని నిర్ధారించడం. అనుమానితుల లెక్కని రోగుల లెక్కగా రాసేయడమే ఈ రంగంలో అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు.

ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూద్దాం. మన దగ్గర ఎక్కువగా వాడే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27 మార్కులు. 10, ఆ పైన వస్తే అనుమానించాలి. అనేక అధ్యయనాల్లోని వ్యక్తుల వివరాలను ఒకచోట చేర్చి 2019లో చేసిన విశ్లేషణ ప్రకారం ఈ 10 గీత నిజంగా జబ్బున్నవాళ్ళలో 88 శాతం మందిని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్ళలో 85 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు వెయ్యి మంది పెద్దలున్న ఊరు తీసుకోండి, అందులో 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకోండి, అంటే 5 శాతం. ఆ 50లో 44 మంది దొరుకుతారు. మిగతా 950 మందిలో 15 శాతం, అంటే దాదాపు 143 మంది, జబ్బు లేకుండానే గీత దాటుతారు. మొత్తం 187. రిపోర్టులో 18.7 శాతం అని పడుతుంది. 5 శాతం కాస్తా 19 అయింది, ఎవరూ ఏ మోసమూ చేయకుండానే. గీత దాటిన ప్రతి నలుగురిలో ఒక్కరికే నిజంగా జబ్బు. 2020లో ఇదే పరిశోధక బృందం 9,242 మంది వివరాలతో నేరుగా పోల్చి చూసింది: పీహెచ్‌క్యూ-9 లెక్కన 24.6 శాతం వస్తే, నిర్ధారణ ఇంటర్వ్యూ లెక్కన 12.1 శాతమే వచ్చింది.

కొందరు గీతని 5 దగ్గరే గీసి ‘స్వల్ప డిప్రెషన్’తో కలిపి శాతం ప్రకటిస్తారు. సగం మందికి డిప్రెషన్ అనే వార్తలు చాలావరకు ఇలా పుట్టినవే. 5 నుంచి 9 మధ్య మార్కులు వచ్చినవాళ్ళని కొన్నాళ్ళాగి మళ్ళీ చూడాలి తప్ప రోగులుగా లెక్కపెట్టకూడదు.

తెలుగు రాష్ట్రాల సంగతికి వస్తే, నిమ్హాన్స్ మొదటి సర్వేలోని 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. 2017 సంవత్సరానికి వేసిన రాష్ట్రాలవారీ వ్యాధిభారం అంచనాలో మాత్రం రెండూ ఉన్నాయి. దేశం మొత్తం మీద 4 కోట్ల 57 లక్షల మందికి డిప్రెషన్ ఉందని, బాగా అభివృద్ధి చెందిన రాష్ట్రాల గుంపులో తమిళనాడు, కేరళ, గోవాలతో పాటు తెలంగాణలో, మధ్యస్థ గుంపులో ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువని అది చెప్పింది. అది ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టింది కాదు, ఉన్న సర్వేలన్నిటినీ గణిత నమూనాలో పెట్టి తీసిన అంచనా. ‘మన రాష్ట్రం నంబర్ వన్’ తరహా శీర్షిక కనబడితే ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

అడిగే తీరులో పోయేది

సాధనం మంచిదైనా అడగడం చేతకాకపోతే అంకె చెడుతుంది. పీహెచ్‌క్యూ-9లో జవాబులు నాలుగు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం రోజుల కన్నా ఎక్కువ, దాదాపు రోజూ. పల్లెలో అరవై ఏళ్ళ మనిషిని ‘సగం రోజుల కన్నా ఎక్కువా’ అని అడిగితే, పగట్లో సగమా అని ఎదురడుగుతుంది. రోజులు లెక్క అడగడం మేలు. ‘ఈ పద్నాలుగు రోజుల్లో ఎన్ని రోజులు నిద్ర పట్టలేదమ్మా?’ అని అడిగి, 2 నుంచి 6 రోజులైతే 1, 7 నుంచి 11 అయితే 2, 12 పైనైతే 3 వేసుకోవాలి. రెండు వారాలు గుర్తుండడానికి తేదీ చెబితే లాభం లేదు. అమావాస్య నుంచి పౌర్ణమి దాకా ఒక పక్షం సరిగ్గా సరిపోతుంది. లేదా రెండు సంతల వెనక్కి వెళ్ళి అడగొచ్చు.

‘పేపర్ చదివేటప్పుడో టీవీ చూసేటప్పుడో మనసు నిలవకపోవడం’ అనే ఏడో ప్రశ్న చదువు రానివాళ్ళ దగ్గర వృథా. వంటలో ఉప్పు రెండుసార్లు వేయడం, గేదెని కట్టేశానా లేదా అని మళ్ళీ వెళ్ళి చూసుకోవడం లాంటివి అడిగితే జవాబు వస్తుంది. కానీ ఆ మార్పు మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా అందరు సర్వేయర్లూ ఒకేలా చేయాలి, ముందే రాసి పెట్టుకోవాలి. ఒక్కొక్కరు తమకు తోచిన మాట వాడితే ఏ సర్వేయరు ఏ వీధికి వెళ్ళాడన్నది కూడా ఒక ‘కారకం’ అయి కూర్చుంటుంది.

ఎనిమిదో ప్రశ్నలో రెండు ఎదురుబొదురు సంగతులున్నాయి: మాట, కదలిక నెమ్మదించడం, లేదా కుదురు లేకుండా తిరగడం. విడివిడిగా అడిగి, ఎక్కువ వచ్చినదే వేసుకోవాలి. జనం నోట మొదట వచ్చేది దిగులు కాదు, ఒళ్ళు. నీరసం, గుండెదడ, తలపోటు, కడుపులో మంట, నిద్ర. తెలంగాణలో దిగులుకి రంది, మనాది అనే మాటలు వినబడతాయి. వాటి దగ్గర మొదలుపెట్టి ప్రశ్నావళిలోకి వెళ్తే మనిషి మూసుకుపోడు.

కోడలిని అడిగేటప్పుడు అత్తగారు గడపలో కూర్చుని ఉంటే ఆ ఫారం పనికిరాదు. బీపీ చూస్తామని పక్కగదిలోకి తీసుకెళ్ళి, బీపీ నిజంగానే చూసి, అప్పుడు అడగడం చాలా బృందాలు పాటించే పద్ధతి. ఇక ఉదయం పదింటి నుంచి నాలుగింటి మధ్య ఇంటింటికీ తిరిగితే దొరికేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, జబ్బు పడ్డవాళ్ళు. ఈ మూడు గుంపుల్లోనూ డిప్రెషన్ ఎక్కువే కాబట్టి శాతం దానంతటదే పెరుగుతుంది. పొద్దుగూకాక, ఆదివారాలు మళ్ళీ తిరగాలి, కనీసం మూడుసార్లు.

వేరే సాధనాలకి వేరే గుంటలున్నాయి. డిప్రెషన్, ఆందోళన, ఒత్తిడి మూడూ కొలిచే డాస్-21లో డిప్రెషన్‌కి ఏడు ప్రశ్నలు. కూడిన మార్కుని రెండుతో గుణించాకే గీతలతో పోల్చాలి. గుణించకుండా పోలిస్తే ఓ మోస్తరుగా బాధపడుతున్నవాళ్ళు ‘మామూలు’ గడిలో, తీవ్రంగా బాధపడుతున్నవాళ్ళు ‘స్వల్పం’ గడిలో పడతారు. అది అడిగేది గడిచిన వారం గురించి, పీహెచ్‌క్యూ అడిగేది రెండు వారాల గురించి. రెండిటి శాతాలనీ పక్కపక్కన పెట్టకూడదు. బాలింతలకి ఎడిన్‌బర్గ్ స్కేలు వాడాలి. 1987లో వచ్చిన ఈ పది ప్రశ్నల స్కేలులో అలసట, ఆకలి గురించి అడగరు, నిద్ర గురించి అడిగినా దిగులు వల్ల పట్టకపోవడం గురించే అడుగుతారు. పసిబిడ్డ ఉన్న ఏ తల్లికి నిద్ర సరిగ్గా ఉంటుంది? పీహెచ్‌క్యూ వాడితే బిడ్డ ఏడుపు కూడా డిప్రెషన్ మార్కుల్లో కలిసిపోతుంది. ముసలివాళ్ళకి అవును, కాదు అని మాత్రమే జవాబులుండే 15 ప్రశ్నల జీడీఎస్ (ముసలివాళ్ళ కోసమే చేసిన డిప్రెషన్ స్కేలు) నయం.

రక్తహీనత సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. హిమోగ్లోబిన్ 8 ఉన్న మనిషికి నీరసం, ధ్యాస నిలవకపోవడం, ఆకలి మందగించడం సహజం. మూడు ప్రశ్నలకీ కలిపి 9 మార్కులు దాకా వచ్చేస్తాయి, మనసులో ఏ దిగులూ లేకపోయినా. అందుకే 10, ఆ పైన వచ్చినవాళ్ళలో మొదటి రెండు ప్రశ్నలు, ఆసక్తి పోవడం, దిగులు, ఈ రెండిట్లో ఒక్కదానికైనా 2 వచ్చిందా అని విడిగా చూడాలి. నిర్ధారణ నియమం కూడా అదే: తొమ్మిదింట్లో ఐదు లక్షణాలు, రెండు వారాలు, ఆ ఐదింట్లో ఈ రెండిట్లో ఒకటి తప్పనిసరి. థైరాయిడ్, బీ12 కూడా పరీక్షించగలిగితే మంచిదే. హిమోగ్లోబిన్ మాత్రం వదలకూడదు.

సంబంధం ఉన్న కారకాలు: ఏవి గట్టివి

ప్రతి అధ్యయనంలోనూ చివరి పట్టిక ఒకేలా ఉంటుంది. ఆడవాళ్ళు, పేదలు, చదువు లేనివాళ్ళు, భర్త పోయినవాళ్ళు, దీర్ఘవ్యాధులున్నవాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు, ఫోన్ ఎక్కువ చూసేవాళ్ళు. అన్నిటి ముందూ ఒకే రకం నక్షత్రం గుర్తు, అంటే ఈ తేడా యాదృచ్ఛికం కాకపోవచ్చని. కానీ వీటి వెనకున్న సాక్ష్యం ఒకే బరువు కాదు.

పేదరికం వెనక సాక్ష్యం గట్టిది. చెన్నై సర్వేలోనే అతి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళలో 19.3 శాతం, ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళలో 5.9 శాతం. అయితే డిప్రెషన్ వల్ల పనికి పోలేక పేదవాడయ్యాడా, పేదవాడు కాబట్టి డిప్రెషన్ వచ్చిందా అన్నది ఒకసారి చేసే సర్వే చెప్పలేదు. అది తేల్చింది ప్రయోగాలు. మాథ్యూ రిడ్లీ, గౌతమ్ రావు, ఫ్రాంక్ షిల్‌బాక్, విక్రమ్ పటేల్ అనే పరిశోధకులు 2020లో ఆ ప్రయోగాలన్నీ సమీక్షించి చెప్పిందేమిటంటే, బాణం రెండు వైపులా ఉంది. ఆదాయం పోతే మనసు చెడుతుంది, డబ్బు అందితే కుదుటపడుతుంది. డిప్రెషన్‌కి వైద్యం చేస్తే మనిషి తిరిగి పనిలో పడతాడు. ఇండోనేషియాలో నిరుపేద కుటుంబాలకి నగదు బదిలీ అందిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు సుమారు 18 శాతం తగ్గాయని 2019లో ప్రచురించిన అధ్యయనం చూపింది. వానలు సరిగ్గా పడక పంట పోయిన ఏళ్ళలో ఆత్మహత్యలు పెరగడం, ఆ సొమ్ము ఆ దెబ్బని తగ్గించడం కూడా వాళ్ళు గమనించారు. వర్షాధారం మీద పత్తి వేసే జిల్లాల్లో ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఆడవాళ్ళలో ఎక్కువన్నది నిజమే. కానీ ‘ఆడ’ అన్న గడిలో ఆగిపోతే ఏమీ తెలియదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం గర్భిణుల్ని కాన్పుకి ముందు నుంచీ వెంబడించి 2002లో ప్రచురించిన అధ్యయనం చూడండి. కాన్పయిన 6–8 వారాలకి 23 శాతం మంది తల్లులకి డిప్రెషన్. వాళ్ళలో 78 శాతం మంది గర్భంతో ఉన్నప్పుడే మానసికంగా బాధపడుతున్నారు. సగం మందికి పైగా ఆరు నెలలకి కూడా కోలుకోలేదు. ఎవరికి ఎక్కువంటే, ఇంట్లో కటికపేదరికం, భర్త కొట్టడం, కొడుకు కావాలనుకుంటే ఆడపిల్ల పుట్టడం. అంటే ప్రసవం తర్వాత హార్మోన్లే కారణమని వదిలేయడానికి లేదు. గర్భిణి చెకప్‌కి వచ్చినప్పుడే అడిగితే నాలుగింట మూడు వంతుల మంది ముందుగానే దొరుకుతారు. దేశంలోని 38 అధ్యయనాలని కలిపి 2017లో తీసిన సగటు కూడా 22 శాతమే. భర్త చేతిలో హింసకి గురైన ఆడవాళ్ళు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం అని కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇక్కడ డిప్రెషన్ మీద చేసే ఏ సర్వేలోనైనా హింస గురించి అడగకుండా ‘స్త్రీత్వం ఒక కారకం’ అని రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది. అడగడం కష్టమే. ఆడ సర్వేయరు ఉండాలి, ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి, ఎవరైనా లోపలికొస్తే వెంటనే టీకాల సంగతికి మాట మార్చడానికి ఒక ప్రశ్న సిద్ధంగా ఉంచుకోవాలి.

మనసు విప్పి చెప్పుకోవడానికి మనిషి లేకపోవడం ముప్పు పెంచుతుందని 1978లోనే పరిశోధకులు బ్రౌన్, హారిస్ లండన్‌లోని క్యాంబర్‌వెల్ ఆడవాళ్ళలో చూపించారు. పెద్ద కష్టం వచ్చిపడినప్పుడు అలాంటి మనిషి లేనివాళ్ళు ఎక్కువగా కుంగిపోయారు. 11 ఏళ్ళలోపు తల్లిని పోగొట్టుకోవడం, ఇంట్లో 14 ఏళ్ళలోపు పిల్లలు ముగ్గురు గానీ అంతకు మించి గానీ ఉండడం, బయట ఉద్యోగం లేకపోవడం వాళ్ళు చెప్పిన మిగతా మూడు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత కూడా ఇవి పట్టికల్లో తిరిగి తిరిగి వస్తూనే ఉన్నాయి.

షుగరుకీ డిప్రెషన్‌కీ సంబంధం ఉందని అందరికీ తెలుసు. దిక్కు మాత్రం చాలామంది అనుకునేది కాదు. మనుషుల్ని ఏళ్ళ తరబడి వెంబడించిన అధ్యయనాలని 2008లో కలిపి చూస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్ళకి తర్వాత షుగరు వచ్చే అవకాశం 60 శాతం ఎక్కువ, షుగరు ఉన్నవాళ్ళకి తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం 15 శాతమే ఎక్కువ. రెండూ కలిసి ఉన్నప్పుడు ఏం చేయాలన్నదానికి విశాఖపట్నం కూడా ఒక కేంద్రంగా జరిగిన ప్రయోగం 2020లో వెలువడింది. నాలుగు డయాబెటిస్ క్లినిక్కుల్లో 404 మంది, 24 నెలలు. క్లినిక్కులోనే ఒక కేర్ కోఆర్డినేటర్ క్రమం తప్పకుండా మాట్లాడుతూ, కేసుల్ని నిపుణులతో సమీక్షించుకుంటూ, మందుల మార్పులు డాక్టరుకి గుర్తు చేస్తూ నడిపిన గుంపు మామూలు వైద్యం గుంపు కన్నా మెరుగైంది, మనసు, దానితో పాటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లో కనీసం ఒకటి కలిపి చూస్తే.

నిద్రలేమి ఉన్నవాళ్ళకి తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని 2011 నాటి విశ్లేషణ తేల్చింది. అది డిప్రెషన్ లేనివాళ్ళని వెంబడించి చూసింది కాబట్టి నమ్మొచ్చు. అదే ఒక్కసారి చేసిన సర్వేలో నిద్ర స్కేలునీ పీహెచ్‌క్యూ-9నీ పక్కన పెట్టి సంబంధం తీస్తే, పీహెచ్‌క్యూ మూడో ప్రశ్నే నిద్ర గురించి. తనని తనతోనే పోల్చినట్టు. ఆ ప్రశ్న తీసేసి మిగతా ఎనిమిదింటితో మళ్ళీ లెక్కించి రెండూ చూపించాలి. ఒత్తిడి స్కేళ్ళతోనూ ఇదే గొడవ.

వ్యాయామం విషయంలో 2022లో వచ్చిన విశ్లేషణ బాగుంది. వారానికి రెండున్నర గంటలు చురుగ్గా నడిచేంత శ్రమ చేసేవాళ్ళకి, ఏమీ చేయనివాళ్ళకన్నా డిప్రెషన్ ముప్పు 25 శాతం తక్కువ. అందులో సగం చేసినా 18 శాతం తక్కువ. ఫోన్ విషయంలో తొందరపడకూడదు, కుంగిపోయిన మనిషి మంచం దిగకుండా ఫోనే చూస్తాడు.

డి విటమిన్ పాఠం మాత్రం అందరూ గుర్తుంచుకోదగ్గది. రక్తంలో డి తక్కువున్నవాళ్ళకి డిప్రెషన్ ఎక్కువని వరసగా అధ్యయనాలు వచ్చాయి. 2020లో అమెరికాలో 18,353 మంది మీద చేసిన ప్రయోగం ఫలితం వెలువడింది: సగం మందికి రోజుకి 2,000 యూనిట్ల డి3, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఐదేళ్ళకు పైగా. తేడా ఏమీ లేదు. కుంగిపోయిన మనిషి ఎండలోకి రాడు, సరిగ్గా తినడు, అందుకే డి తగ్గి ఉండొచ్చు. లోపం ఉంటే ఎముకల కోసం వేసుకోవాలి, డిప్రెషన్ రాకుండా అని మాత్రం కాదు.

జన్యువుల గురించి ఒక్కమాట. కవలల అధ్యయనాల ప్రకారం వంశపారంపర్యం వాటా 37 శాతం దాకా ఉంది. కానీ 2003లో పేరు మోసిన సెరటోనిన్ జన్యువుతో సహా, డిప్రెషన్ జన్యువులని చెప్పుకున్న 18 జన్యువుల్నీ 2019లో లక్షల మందిలో పరీక్షిస్తే ఒక్కటీ నిలబడలేదు. ఉన్నవి వందల కొద్దీ చిన్నచిన్న ప్రభావాలు. రక్తపరీక్షతో డిప్రెషన్ జన్యువు చెబుతామనే ప్యాకేజీకి డబ్బు పెట్టనక్కర్లేదు.

పట్టిక ఎక్కడ మోసం చేస్తుంది

పీజీ థీసిస్‌లలో శాంపిల్ సైజు లెక్క దాదాపు ఎప్పుడూ 4పీక్యూ బై డీ స్క్వేరే. పీ (జబ్బు ఉండొచ్చనుకున్న శాతం) 15, క్యూ (వందలో మిగతాది) 85, డీ (అటూ ఇటూ ఒప్పుకునే తేడా) 5 అయితే 204 మంది. డీని పీలో 20 శాతంగా, అంటే 3గా తీసుకుంటే 567 మంది. ఊళ్ళవారీగా క్లస్టర్లు (గుంపులు) తీస్తే దాన్ని దాదాపు రెట్టింపు చేయాలి. చాలామంది 204 దగ్గరే ఆగుతారు. శాతం చెప్పడానికి అది చాలొచ్చు, కారకాలు చెప్పడానికి చాలదు. 204 మందిలో డిప్రెషన్ ఉన్నవాళ్ళు 31 మంది. ఒక్కో కారకానికి కనీసం పదిమంది రోగులు ఉండాలన్న మోటు నియమం ప్రకారం మూడు కారకాలే పరీక్షించొచ్చు; పట్టికలో పన్నెండు ఉంటాయి.

ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. ఆ 204 మందిలో భర్త పోయినవాళ్ళు 14 మంది, వాళ్ళలో ఐదుగురికి డిప్రెషన్. మిగతా 190లో 26 మందికి అనుకోండి. ఆడ్స్ రేషియో (జబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఉన్న నిష్పత్తిని రెండు గుంపుల్లో పోల్చే అంకె) 3.5, పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 లోపు. ‘వితంతువులకి మూడున్నర రెట్లు ముప్పు’ అని రాసేస్తారు. పక్కనే ఉన్న 95 శాతం అవధి 1.1 నుంచి 11 దాకా. అంటే నిజమైన సంగతి దాదాపు తేడా లేకపోవడం కావచ్చు, పదకొండు రెట్లు కావచ్చు. ఆ ఐదుగురిలో ఒక్కరు ఆ రోజు ఊళ్ళో లేకపోతే నక్షత్రం గుర్తు ఎగిరిపోయేది.

ఆడ్స్ రేషియోని ‘రెట్లు’ అని చదవడం ఇంకో పొరపాటు. ఒక గుంపులో 40 శాతం, ఇంకో గుంపులో 20 శాతం ఉంటే తేడా రెండు రెట్లు. ఆడ్స్ రేషియో 2.67 వస్తుంది. జబ్బు అరుదైనప్పుడు రెండూ దగ్గరగా ఉంటాయి, ప్రశ్నావళితో 30, 40 శాతాలు వచ్చే సర్వేల్లో దూరమైపోతాయి.

అన్ని కారకాల్నీ ఒకే రిగ్రెషన్‌లో (ఒక్కోదాని ప్రభావాన్ని మిగతావాటి నుంచి విడదీసే లెక్కలో) పడేసి, ‘సర్దుబాటు చేశాక పేదరికానికి ప్రభావం లేదు’ అని రాయడం మరీ ప్రమాదం. పేదరికం మనిషిని కుంగదీసేది అప్పు, పస్తు, ఇంట్లో గొడవల ద్వారానే. వాటన్నిటినీ సర్దుబాటులో పెట్టాక పేదరికానికి మిగిలేదేముంటుంది? ఏ కారకం ప్రభావం తెలుసుకోవాలో ముందే ఒకటి అనుకుని, దానికి ముందు జరిగినవాటిని మాత్రమే సర్దుబాటు చేయాలి. దాని తర్వాత జరిగేవాటిని వదిలేయాలి. అందుకోసం సర్వేకి ముందే బాణాలతో ఒక బొమ్మ కాగితం మీద గీసుకుంటే పని సులువు.

ఇక ఆన్‌లైన్ ఫారంలతో కాలేజీ పిల్లల మీద చేసేవి. వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే బాధలో ఉన్నవాళ్ళు, ఆ అంశం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు నింపుతారు. ఎంతమందికి లింకు చేరిందో తెలియదు కాబట్టి శాతానికి అడుగు లేదు. వైద్య విద్యార్థుల మీద 43 దేశాల్లోని అధ్యయనాలు కలిపి 2016లో తీసిన 27.2 శాతం కూడా ఎక్కువభాగం ప్రశ్నావళుల లెక్కే.

దొరికినవాళ్ళని ఏం చేయాలి

నిమ్హాన్స్ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సుమారు 85 శాతం మందికి వైద్యం అందడం లేదు. 45 ఏళ్ళు దాటినవాళ్ళ మీద 2017–18లో మొదలైన లాసీ అనే జాతీయ సర్వేలో 60 దాటినవాళ్ళలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉండొచ్చని తేలితే, డాక్టరు చెప్పగా తెలిసినవాళ్ళు 0.8 శాతం. పదిమందిలో ఒక్కరికి.

వైద్యం ఖరీదైన వ్యవహారం కానక్కర్లేదని గోవా ప్రయోగం చూపింది. పీహెచ్‌క్యూ-9లో 15, ఆ పైన వచ్చిన 495 మందిని తీసుకుని, మానసిక వైద్యంలో డిగ్రీ లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, అందులో సగం మందితో, ఒక్కొక్కరితో 6 నుంచి 8 సార్లు మాట్లాడించారు. ఆ మాటల్లో ప్రధానం, మానేసిన చిన్న పనుల్ని ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టించడం. మూడు నెలలకి ఆ గుంపులో 64 శాతం మంది తేరుకున్నారు, మామూలు వైద్యం గుంపులో 39 శాతం. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో ఊరి ఆరోగ్య కార్యకర్తలే తల్లుల ఇళ్ళకి వెళ్ళి చేసిన ఇలాంటి పనిలో ఆరు నెలలకి డిప్రెషన్ మిగిలినవాళ్ళు 23 శాతం, మామూలు సందర్శనల గుంపులో 53 శాతం. మన పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లు ఇచ్చి, పీహెచ్‌క్యూ-9 అడిగించి, అనుమానం ఉన్నవాళ్ళని పీహెచ్‌సీ డాక్టరుకి పంపించిన తొలి విడత పనిలో, ముప్పు ఉన్నవాళ్ళలో వైద్యసాయం తీసుకున్నవాళ్ళు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. పెరుగుదల పెద్దదే. 12.6 ఇంకా చిన్నదే.

తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననీ తనకి తాను హాని చేసుకోవాలనీ అనిపించడం, ఇది వచ్చినచోట సర్వే ఆగాలి. మొత్తం మార్కులు 6 వచ్చినా సరే, ఈ ఒక్క ప్రశ్నకి 1 వచ్చిందంటే ఆ మనిషిని అలా వదిలి పక్కింటికి వెళ్ళకూడదు. ఇందులోనూ రెండు సంగతులు కలిసున్నాయి కాబట్టి విడదీసి అడగాలి: బతుకు మీద విసుగా, లేక చేసుకోవాలనే ఆలోచనా? ఆలోచన ఉందంటే ఎలా అనుకున్నారు, ఎప్పుడు, ఇంట్లో పురుగుమందు ఉందా, ఇంతకుముందు ప్రయత్నించారా అని సూటిగా, నెమ్మదిగా అడగాలి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉద్దేశం గట్టిగా ఉంటే మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆమె ఒప్పుకున్న ఒకరిని ఇంట్లోంచి పిలిచి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించి, అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. టెలీ-మానస్ నంబరు 14416కి అక్కడి నుంచే ఫోన్ కలిపి మాట్లాడించొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రి, బండి ఎవరిది అన్నది సర్వే మొదలయ్యే ముందే ఫారం వెనక రాసి ఉండాలి. ఎథిక్స్ కమిటీ ఆ పేజీ చూశాకే అనుమతి ఇవ్వాలి.